సరకు వెంట సమాచారము

ఊరిలోని కిరాణా కొట్టునకు పోయి ఒక ఉప్పు పొట్లము కొనుట మనకు నిత్యకృత్యము. పొట్లము మన సంచిలో పడును. డబ్బు కొట్టువాని గల్లాపెట్టెలో పడును. అంతటితో మన పని తీరును. కాని ఆ పొట్లము కొట్టులోనికి వచ్చుటకు ముందు టోకు వ్యాపారి గోదాములో ఉండెను. అంతకు ముందు పంపిణీదారుని డిపోలో, అంతకు ముందు ఫ్యాక్టరీలో, అన్నిటికి మొదట సముద్రతీరమందలి ఉప్పుమడిలో ఉండెను. ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క యజమాని కలడు. ఇట్లు చేయి చేయి మారి సరకు వినియోగదారుని చేరు మార్గమును నేటి వాణిజ్య శాస్త్రజ్ఞులు సరఫరా గొలుసు అని పిలుచుచున్నారు.

ఈ గొలుసులో మూడు ప్రవాహములు కలవు. సరకు ఫ్యాక్టరీనుండి కొట్టువైపునకు దిగివచ్చును. సొమ్ము కొట్టునుండి ఫ్యాక్టరీవైపునకు ఎక్కిపోవును. ఈ రెండును అందరు ఎరిగినవే. మూడవది సమాచారము. ఏ సరకు ఎంత అమ్ముడుపోయినది, ఎవరివద్ద ఎంత నిల్వ ఉన్నది, రాబోవు దినములలో ఎంత కావలసియుండును అను వార్త అది. సరకు తడిసినచో చూడగనే తెలియును. సొమ్ము తక్కువైనచో లెక్కపెట్టగనే తెలియును. సమాచారము చెడినచో మాత్రము తెలియుటకు నెలలు పట్టును. ఈలోగా నష్టము ఎవరో ఒకరి నెత్తిన పడియే యుండును. ఆ మూడవ ప్రవాహము భాగస్వాముల మధ్య ఎట్లు నడచునో, ఎందులకు ఆగిపోవునో ఈనాడు ముచ్చటింపదలచితిమి.

చెర్నాకోల దెబ్బ

పసిపిల్లలకు తొడుగు డైపర్ల సంగతి చూతము. ఒక దేశములోని పసిపిల్లల సంఖ్య ఒక్క వారములో పెరుగదు, ఒక్క వారములో తరుగదు. నేడు ఎన్ని డైపర్లు ఖర్చగునో రేపును ఇంచుమించు అన్నియే ఖర్చగును. కావున కొట్లలో వీని అమ్మకము నిలకడగా సాగును. అమెరికాలో పాంపర్స్ అను పేరుతో వీనిని తయారుచేయు ప్రాక్టర్ అండ్ గాంబిల్ సంస్థవారు తమ లెక్కలను పరిశీలించుకొనినపుడు ఒక వింత కనబడెను. కొట్లలో అమ్మకము సమముగనే ఉన్నది. పంపిణీదారులనుండి వచ్చు ఆర్డర్లు మాత్రము ఒకప్పుడు ఎగసి, ఒకప్పుడు పడిపోవుచున్నవి. తాము ముడిసరకు కొరకు ఇతర కంపెనీలకు పంపిన ఆర్డర్లు చూడగా వానిలో ఆ ఎగుడుదిగుడులు మరింత హెచ్చుగా ఉన్నవి. బిడ్డలు నిలకడగా ఉండగా పెద్దలు ఊగిపోవుచున్నారన్నమాట.

ఆ సంస్థలోనివారు దీనికి చెర్నాకోల దెబ్బ అను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. 1997లో హా లీ, పద్మనాభన్, స్యున్‌జిన్ వాంగ్ అను మువ్వురు పండితులు దీనిని గురించి వ్రాసిన వ్యాసములతో ఆ పేరు లోకమంతట వ్యాపించెను. బండి తోలువాని చేతిలోని చెర్నాకోలను మనము చూచియే యున్నాము. మణికట్టు బెత్తెడు కదలినచో కొరడా కొస బారెడు విసరుకొనును. మణికట్టు ఇచట కొట్టులోని అమ్మకము. కొరడా కొస ఎక్కడనో దూరముననున్న ఫ్యాక్టరీయో, దానికి ముడిసరకు అందించు చిన్న కార్ఖానాయో, పొలములోని రైతో అగును.

ఈ విషయమును మొదట పట్టుకొనినవాడు వాణిజ్య పండితుడు కాడు, ఒక ఇంజనీరు. మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో తొలితరము కంప్యూటర్లను నిర్మించిన జే ఫారెస్టర్‌కు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు తమ గృహోపకరణముల ఫ్యాక్టరీ సంగతి చెప్పిరి. కెంటకీ రాష్ట్రములోని ఆ ఫ్యాక్టరీలో ఒక కాలమున మూడు నాలుగు షిఫ్టులు నడచుచుండెను. కొన్ని ఏండ్లు గడచునప్పటికి సగముమంది కార్మికులను పనినుండి తీసివేయవలసి వచ్చుచుండెను. దేశములో వ్యాపారము పెరిగి తరుగుటచేత ఇట్లగుచున్నదని అందరు సరిపెట్టుకొనియుండిరి. ఫారెస్టర్ కాగితము, పెన్సిలు తీసికొని లెక్క వేసి చూచెను. బయటినుండి వచ్చు ఆర్డర్లు ఏ మార్పు లేక వచ్చినను, నిల్వలనుబట్టి, చేతనున్న ఆర్డర్లనుబట్టి లోపలివారు తీసికొను నిర్ణయములే ఆ ఊగులాటను పుట్టించునని తేలెను. 1958లో ఆయన ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు మూలమైనది. పని పోగొట్టుకొనిన కార్మికునకు దోషము ఎక్కడనున్నదో తెలియదు. తీసివేసిన యజమానికిని తెలియదు. ఇరువురును కాలమును నిందించిరి.

ఒక చిన్న లెక్క

పాఠకులు కూడ ఈ లెక్కను ఇంటనే వేసి చూడవచ్చును. ఒక గొలుసులో కొట్టు, టోకు వ్యాపారి, డిపో, ఫ్యాక్టరీ అను నాలుగు అంచెలు ఉన్నవనుకొందము. కొట్టులో వారమునకు 100 సంచుల అమ్మకము. మొదటి మూడంచెలవారును రెండు వారములకు సరిపడు నిల్వ, అనగా 200 సంచులు, దగ్గర ఉంచుకొందురు. ఆర్డరు చేసిన సరకు ఆ వారములోనే అందుననుకొందము. ఎవరును తెలివితక్కువవారు కారు, ఎవరును మోసగాండ్రు కారు.

ఒక వారము కొట్టులో 110 సంచులు అమ్ముడుపోయినవి. కొట్టువాడు పోయిన 110 తెప్పించుకొనవలెను. అమ్మకము పెరిగినది గనుక నిల్వను 220కి పెంచవలెను. అందుచేత 130కి ఆర్డరు పంపును. టోకు వ్యాపారికి 110 అను అంకె కనబడదు, 130 మాత్రమే కనబడును. అతడు ఆ 130 పూరించుకొని, నిల్వను 260కి పెంచదలచి 190కి ఆర్డరు పంపును. డిపోవారు 190 చూచి, నిల్వను 380 చేయదలచి ఫ్యాక్టరీకి 370 సంచులకు ఆర్డరు పంపుదురు. కొట్టులో పెరిగినది నూటికి పది. ఫ్యాక్టరీకి వినబడినది మూడున్నర రెట్లకు పైమాట.

మరుసటి వారము కొట్టులో మరల 110 సంచులే పోయినవి. నిల్వ సరిపోయినది గనుక కొట్టువాడు 110కే ఆర్డరు పంపును. టోకు వ్యాపారి ఇది తగ్గుముఖమని తలచి, నిల్వను 220కి దించుకొనుటకై 70 మాత్రమే తెప్పించుకొనును. డిపోలో 380 సంచులు మూలుగుచున్నవి. 70 పంపిన తరువాత 310 మిగులును. డెబ్బదికి రెండు వారముల నిల్వ 140 చాలును. కావున డిపోనుండి ఫ్యాక్టరీకి ఆ వారము ఆర్డరే రాదు. మొదటి వారము ఫ్యాక్టరీ యజమాని రాత్రిపని కొరకు కూలీలను పిలిచెను. రెండవ వారము వారిని ఇంటికి పంపెను. రెండు వారములును కొట్టులో అమ్మకము ఒకటియే.

ఈ లెక్కనే ఆటగా మార్చి ఆ విద్యాసంస్థలో దశాబ్దములుగా విద్యార్థులచేత ఆడించుచున్నారు. బీరు ఆట అని దానికి పేరు. నలుగురు ఆటగాండ్రు చిల్లర వ్యాపారిగా, టోకు వ్యాపారిగా, పంపిణీదారుగా, తయారీదారుగా కూర్చుందురు. ఒకరితో ఒకరు మాటలాడరాదు, ఆర్డరు చీటీలు మాత్రమే పంపుకొనవచ్చును. వినియోగదారుల కోరిక వారమునకు 4 పెట్టెలనుండి ఒక్కసారి 8కి పెరిగి అక్కడనే నిలిచిపోవును. అయినను తయారీదారుని ఆర్డర్లు ఆకాశమునకెగసి, పిదప పాతాళమునకు కూలును. ఆట ముగిసిన పిమ్మట, కొట్టులో కోరిక ఎట్లుండెనో గీసి చూపుడని అడిగినచో, చాలమంది పెద్ద కెరటమువంటి గీత గీయుదురు. అట్టి కెరటము లేనేలేదనియు, దానిని తామే పుట్టించితిమనియు తెలిసినపుడు ఆశ్చర్యపడుదురు. ఈ ఆటపై జాన్ స్టెర్మన్ జరిపిన పరిశోధన 1989లో వెలువడెను.

వార్త చెడుటకు కారణములు

వార్త దారిలో చెడిపోవుటకు పండితులు నాలుగు కారణములు చెప్పుదురు. మొదటిది మనము లెక్కవేసి చూచినదే: ప్రతివాడును తన క్రిందివాని ఆర్డరునుబట్టి రేపటి అవసరమును ఊహించుట. రెండవది, లారీ నిండవలెననియో, నెలకొకసారి లెక్క చూచు అలవాటుచేతనో, ఆర్డర్లను కూడబెట్టి ఒక్కమారు పంపుట. మూడవది తగ్గింపు ధరలు. ఫ్యాక్టరీవారు ఒక నెల ధర తగ్గించినచో వ్యాపారులు మూడు నెలల సరకు ఒక్కసారి కొని దాచుకొందురు. తరువాతి రెండు నెలలు మొగము చూపరు. ఇది కోరిక పెరుగుటయు కాదు, తరుగుటయు కాదు. కాని ఫ్యాక్టరీకి రెండును జరిగినట్లే తోచును.

నాలుగవది అన్నిటికంటె ప్రమాదకరము. సరకు కొరతగా ఉన్నపుడు అడిగినదానిలో సగమే ఇత్తురని అందరికి తెలియును. నూరు కావలసినవాడు రెండువందలు అడుగును. అదియే ఆర్డరును ఇద్దరు ముగ్గురివద్ద పెట్టి, ఎవరిది ముందు వచ్చిన దానిని తీసికొని తక్కినవి రద్దుచేయును. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలుపు యంత్రములను తయారుచేయు సిస్కో సంస్థకు ఇట్టి ఆర్డర్లు కొండవలె పేరుకొనియుండెను. 2001లో వ్యాపారము మందగించినపుడు అవి కరగిపోయెను. ఆ సంస్థ 220 కోట్ల డాలర్లకు పైబడిన నిల్వలను నష్టము క్రింద వ్రాసివేయవలసి వచ్చెను. మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. చక్కెరయు కిరసనాయిలును దొరకని దినములలో ఇంటిలో ఉన్నను మరల క్యూలో నిలిచినవారు మనలో ఎందరు లేరు!

గల్లాపెట్టె చెప్పు మాట

రోగము ఇదియైనప్పుడు మందు తేలికగనే తోచును. కొట్టులో నిజముగా ఎంత అమ్ముడుపోయినదో ఆ అంకెను టోకు వ్యాపారికి, డిపోకు, ఫ్యాక్టరీకి ఒక్కసారిగా చూపినచో చాలును. మన లెక్కలో ఫ్యాక్టరీవారికి 370 తోపాటు 110 అను అంకె కూడ తెలిసియుండినచో రాత్రిపని అవసరమే రాకపోయెడిది.

పూర్వము ఇది సాధ్యము కాదు. వేలకొలది సరకులలో ఏది ఎన్ని పోయినవో కొట్టువానికే సరిగా తెలియదు. 1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ట్రాయ్ అను చిన్న పట్టణములో, ఒక అంగడి బల్లమీద ఒక చూయింగ్ గమ్ పొట్లముపైనున్న నల్లగీతలను యంత్రము చదివెను. నేడు ప్రతి సబ్బు బిళ్ల మీదను కనబడు బార్‌కోడు మొదట పనిచేసినది ఆనాడే. అప్పటినుండి గల్లాపెట్టె తానే పద్దు వ్రాయుట నేర్చెను.

ఆ పద్దును భాగస్వామికి చూపుట తరువాతి మెట్టు. వాల్‌మార్ట్ అను పెద్ద అంగళ్ల సంస్థయు, పైన చెప్పిన ప్రాక్టర్ అండ్ గాంబిల్ సంస్థయు చాలకాలము ధరకొరకు బేరమాడుకొనుటయే తప్ప మరియొకటి ఎరుగవు. 1980వ దశకము చివర ఈ రెండును ఒక ఒడంబడికకు వచ్చెను. అంగళ్లలోని అమ్మకము, నిల్వ తయారీదారునకు నేరుగా తెలియును. ఎంత సరకు ఎప్పుడు పంపవలెనో తయారీదారే చూచుకొనును. 1991 నుండి వాల్‌మార్ట్ తనకు సరకు అమ్ము ఇతర సంస్థలకును తమ తమ సరకుల అమ్మకమును కంప్యూటరు ద్వారా చూచుకొను ఏర్పాటు చేసెను.

సరకు వ్యాపారమునకు సంబంధించినదే కానక్కరలేదు. మన దేశములో పిల్లలకు వేయు టీకామందులు పెద్ద గిడ్డంగులనుండి జిల్లాలకు, అక్కడనుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు చేరవలెను. దారిపొడవునను చల్లగా ఉండవలెను. కేంద్ర ఆరోగ్యశాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సహాయముతో 2015లో 12 రాష్ట్రములలో ఈవిన్ అను ఏర్పాటును ప్రారంభించెను. టీకాలు వేసిన దినమున ఆరోగ్య కార్యకర్త మిగిలిన నిల్వను సెల్‌ఫోనులో నమోదుచేయును. శీతల పెట్టెలోని ఉష్ణోగ్రతను ఒక పరికరము తానై తెలుపును. ఏ కేంద్రములో మందు నిండుకొనుచున్నదో, ఎచ్చట మిగులుచున్నదో జిల్లా అధికారి ఆనాడే చూడగలడు. ఆ కార్యకర్త వ్రాసిన అంకె వృథాపోదు. ఆమె కేంద్రమునకే మందై తిరిగివచ్చును.

దాచుకొనుటకు హేతువు

ఇంత సులభమైన మందును అందరును ఏల సేవింపరు? యంత్రము లేక కాదు. ఫోను లేని వ్యాపారి నేడు ఎవడును లేడు. భయముచేత.

ఇటలీలో పాస్తా తయారుచేయు బరిల్లా సంస్థ చరిత్ర దీనికి చక్కని నిదర్శనము. ఆ దేశీయులు పాస్తాను మనము అన్నము తినునట్లు నిత్యము తిందురు. అయినను పంపిణీదారుల ఆర్డర్లు వారము వారము విపరీతముగా మారుచుండెను. మీ అమ్మకపు లెక్కలు, నిల్వలు ప్రతిదినము మాకు తెలుపుడు, ఎంత పంపవలెనో మేము నిర్ణయింతుము అని 1980వ దశకము చివర బరిల్లావారు కోరిరి. పంపిణీదారులు ససేమిరా ఒప్పుకొనలేదు. నిల్వ చూచుకొనుట మా పని, అది మీరు చేసినచో మాకు మిగులునదేమి అని వారి వాదము. సంస్థలోని అమ్మకపు ఉద్యోగులకే ఇది నచ్చలేదు; తమ ప్రాముఖ్యము తగ్గునని వారి బెంగ. బరిల్లావారు అప్పుడు బలవంతము చేయక, మొదట తమ స్వంత డిపోలలో ఈ పద్ధతి పెట్టి చూపిరి. పిదప ఒక పంపిణీదారుడు సమ్మతించెను. అతని గోదాములో నిల్వయు తగ్గెను, సరకు లేదను మాటయు తగ్గెను. కంటికి కనబడిన మీదటనే ఇతరులు నమ్మిరి.

ఆ పంపిణీదారుల భయము అర్థములేనిదని తీసివేయుటకు వీలులేదు. వర్తకములో అంకెలు ఆయుధములు. చిన్న కార్ఖానావాడు తన ఖర్చులెక్కను పెద్ద కొనుగోలుదారునకు చూపినచో, సహాయము రావచ్చును. ధర తగ్గింపుమను ఉత్తరువు కూడ రావచ్చును. కొట్టువాడు తన అమ్మకమును తయారీదారునకు తెలిపినచో, ఆ తయారీదారు ఎదుటి కొట్టునకును సరకు అమ్మువాడే. ఈ కాలపు ఇంటర్నెట్ అంగడిలో ఈ చిక్కు మరింత ముదిరినది. అమెజాన్ సంస్థ ఇతర వ్యాపారులకు తన అంగడిలో చోటిచ్చును, తానును సరకు అమ్మును. ఆ వ్యాపారుల అమ్మకపు వివరములను తన స్వంత వ్యాపారమునకు వాడుకొనుచున్నదా అని యూరోపియన్ కమిషన్ 2019లో విచారణ ప్రారంభించెను. బయటికి తెలియని ఆ వివరములను తన చిల్లర వ్యాపారమునకు వాడబోనని ఆ సంస్థ చేసిన వాగ్దానమును 2022 డిసెంబరులో కమిషన్ అంగీకరించెను. ఇచట ప్రశ్న సమాచారము చేరుటనుగూర్చి కాదు, చేరిన సమాచారము ఎవరికి ఉపయోగపడుచున్నదనునదే.

మంటలు ఆర్పిన నమ్మకము

నమ్మకము ఉన్నచోట ఏమి జరుగునో జపాను దేశములోని ఒక అగ్నిప్రమాదము చూపినది. 1997 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున కరియ పట్టణములోని ఐసిన్ సంస్థ ఫ్యాక్టరీ తగులబడెను. టయోటా కార్ల బ్రేకులలో అమర్చు ఒక చిన్న వాల్వు దాదాపు అంతయు అచ్చటనే తయారగుచుండెను. టయోటావారు గోదాములలో సరకు పేర్చి పెట్టుకొనరు. ఏనాటి అవసరము ఆనాడు తెప్పించుకొనుట వారి పద్ధతి. అరచేతిలో ఇమిడిపోవు ఆ వాల్వు లేకపోవుటచేత కొద్ది దినములలోనే వారి కార్ల ఫ్యాక్టరీలు చాలవరకు నిలిచిపోయెను.

ఐసిన్ సంస్థ తన వాల్వు నమూనా చిత్రములను అడిగినవారికెల్ల పంచిపెట్టెను. ఎన్నడును ఆ పని చేయనివారు, కుట్టుమిషన్లు తయారుచేయు బ్రదర్ సంస్థతో సహా, అరువదికి పైగా సంస్థలు తమ యంత్రములను సవరించుకొని వాల్వులు తయారుచేయ మొదలిడెను. ఒకరు కనుగొనిన కిటుకు మరియొకరికి వెంటనే తెలుపబడెను. ధర ఎంత, నష్టపరిహారమెంత అని ఎవరును ముందు బేరమాడలేదు. వారము పది దినములలో కార్ల తయారీ ఇంచుమించు మామూలు స్థితికి వచ్చెను. తరువాత టయోటా తన సరఫరాదారులకు ప్రతిఫలము చెల్లించెను. సహాయము చేసినవారు నష్టపోరను విశ్వాసము ఎన్నో ఏండ్ల వ్యవహారమువలన ముందే ఏర్పడియుండెను. మంట లేచిన తరువాత నమ్మకము కొనుక్కొనుటకు అంగడిలో దొరకదు.

టమోటా రైతు

ఇక మన పొలములవైపు చూతము. కొరడా కొసన నిలిచినవాడు ఇచట రైతు. రాయలసీమలోని మదనపల్లె టమోటా మార్కెట్టు దేశములో పేరుపడినది. 2023 జూలైలో అచ్చట మేలురకపు టమోటా ధర కిలో నూరు రూపాయలు దాటి, నెలాఖరునకు రెండువందలకు చేరువయ్యెను. ఆ ధర చూచి ఎందరో నారు కొని నాటిరి. సెప్టెంబరు వచ్చునప్పటికి సరకు వెల్లువయై ధర కుప్పకూలెను. తినువారు జూలైలోను సెప్టెంబరులోను వారే. కూరలో వేసికొను కాయల లెక్కయు పెద్దగా మారలేదు.

ఫ్యాక్టరీకి ఆర్డరు చీటీ అయినను వచ్చును. రైతునకు అదియును లేదు. అతనికి వచ్చు వార్త ఒక్కటే, నేటి ధర. ఆ వార్తనుబట్టి అతడు చేయు పని రెండు మూడు నెలలకు గాని ఫలింపదు. తనవలెనే ఎందరు నాటిరో అతనికి తెలియదు.

చేపల సంగతి వేరు. కేరళ తీరమున 1997 జనవరి 14వ తేదీ ఉదయమున వడకర రేవులో పదునొకండు పడవలవారు కొనువారు లేక చేపలను పారబోసిరి. అదే ఉదయమున 15 కిలోమీటర్ల లోపలనున్న రేవులలో 27 మంది వర్తకులు చేపలు దొరకక తిరిగిపోవుచుండిరి. రాబర్ట్ జెన్సన్ అను ఆర్థికవేత్త దీనిని పరిశీలించెను. ఆ సంవత్సరమునుండి క్రమముగా సెల్‌ఫోన్లు వచ్చెను. సముద్రముమీదనే రేవుల ధరలు అడిగి పడవలు దారి మరల్చుకొనెను. పారబోయుట దాదాపు నిలిచిపోయెను. జాలరుల లాభము సగటున నూటికి 8 వంతులు పెరిగెను. కొనువారికి ధర నూటికి 4 వంతులు తగ్గెను. ఇరుపక్షములకును మేలు కలిగినది.

పడవను మరల్చవచ్చును గాని నాటిన తోటను మరల్చలేము. కావున టమోటా రైతునకు నేటి ధరకంటె ముఖ్యమైన వార్త మరియొకటి కలదు. ఈ నెల నర్సరీలనుండి ఎంత నారు అమ్ముడుపోయినది అనునదే అది. అది నారు అమ్మినవాని పద్దులో కాయ కాయుటకు ఎన్నో వారములు ముందే వ్రాసియుండును. ఈ నర్సరీల లెక్కలను కూడి మండలము మండలమునకు వారము వారము ప్రకటించినచో, నాటవలెనా మానవలెనా అని రైతు ఆలోచించుకొనుటకు వ్యవధి ఉండును. మండీ వ్యాపారికి, దూరప్రాంతములకు లారీలు పంపువానికి, గుజ్జు తయారుచేయు ఫ్యాక్టరీకి గూడ అది ఉపకరించును. అయితే ఆ అంకెను మొదట చూచినవాడు రైతుకంటె ముందు తన బేరము సవరించుకొనకుండ చూడవలెను. కావుననే అది అందరికి ఒక్కసారి తెలియవలెను.

మూడు నియమములు

ఇంతవరకు చెప్పినదానినుండి మూడు నియమములు తేలుచున్నవి. మొదటిది: పంచుకొనవలసినది ఊహ కాదు, జరిగిన అమ్మకము, ఉన్న నిల్వ. ఊహ చేయి మారిన కొలది పెరుగును, పద్దు పెరుగదు. రెండవది: ఇచ్చినవానికి తిరిగి ఏదో రావలెను. ఆరోగ్య కార్యకర్తకు మందు వచ్చినట్లు, బరిల్లా పంపిణీదారునకు నిల్వభారము తగ్గినట్లు, ఆ లాభము కంటికి కనబడవలెను. మూడవది: తెలిసినదానిని దేనికి వాడవచ్చునో, దేనికి వాడరాదో ముందే మాట ఉండవలెను. గొలుసులో పెద్దవానికి చిన్నవాని లెక్క తెలియుట సహజముగనే జరుగుచున్నది. చిన్నవానికి పెద్దవాని సంగతి తెలియుట అరుదు. ఒకవైపునకే పోవు సమాచారమును పంచుకొనుట అనరాదు.

ఈ విషయమున మేము ఇతరులకు బోధించుటకు తగినంత పెద్దలము కాము. బజారు ధరలు చదివి వినిపించుట ఆకాశవాణికి చిరకాలపు అలవాటు. ధర చదివి, వాతావరణ సూచన చదివి, సెలవు తీసికొందుము. విన్న రైతు ఏమి చేసెనో, ఆ ధర అతనికి దక్కెనో లేదో మాకు తెలియదు. ఎప్పుడో ఒక ఉత్తరము వచ్చును: మీరు చదివిన ధర మా యార్డులో ఎవరును ఇచ్చుటలేదు, లారీ కిరాయి పోను మాకు మిగిలినది ఇంత అని. అట్టి ఉత్తరమును మేము భద్రపరచుకొందుము. మరుసటి కార్యక్రమమున అది మాకు పనికివచ్చును. ఈ ప్రసంగము చదివిన రైతులు, నర్సరీలవారు, కొట్లవారు తమ అనుభవములను కార్డుముక్కమీద వ్రాసి పంపినచో సంతోషింతుము.